ఒక్క గంట కొడితే ఆగాలి

గోదావరిఖని,
18 జూన్ 2024.

సంహితా,

నువ్వు పంపిన పరిశోధన కాగితాలు అందాయి. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కంటే నాలుగోసారి కోపం ఎక్కువైంది.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అంటావేమో. మా ఇల్లు రెండు గదులు. ఏ గదిలో నిలబడి మాట్లాడినా బాపు వింటాడు. ఆయనకు పోయింది నోటి మాట. చెవులు పోలేదు, తెలివి పోలేదు. తన గురించి ఇద్దరు బేరమాడుతుంటే విని కూడా జవాబు చెప్పలేక కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆలోచించు. అందుకే ఉత్తరం. ఇంకో లాభం కూడా ఉంది. నేను తిడుతుంటే నువ్వు మధ్యలో ఫోన్ పెట్టేయలేవు.

నువ్వు నా దోస్తు రఘురామ్ బిడ్డవు. మంథనిలో మీ తాత వామనరావు సారు దగ్గర పాఠాలు చెప్పించుకున్నవాణ్ణి నేను. ఆ చనువుతో రాస్తున్నాను. నీ ఫారంలో రోగి గురించి మూడే గళ్లున్నాయి: వయసు, లింగం, చదువు. వాటిలో మా బాపు పట్టడు. కాబట్టి విను.

పేరు పోశం. డెబ్బై నాలుగేళ్లు. నాలుగో తరగతి. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయి మీద హాలర్ నడిపాడు. హాలర్ అంటే లోపలి నుంచి బొగ్గు బండ్లను, అంటే టబ్బులను, ఇనుప తాడుతో లాగే యంత్రం. కింద ఉన్నవాడు పైనున్నవాడికి కనపడడు, కేక వేసినా వినపడదు. కింద తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒక గంట అంటే ఆపు. రెండు అంటే దించు. మూడు అంటే పైకి లాగు. చిన్నప్పుడు నేను అగ్గిపెట్టెలకు దారం కట్టి టబ్బులాట ఆడుతుంటే బాపు చెంబు మీద వేళ్లతో గంటలు కొట్టేవాడు. ఒక్క దెబ్బ కొట్టాక నా చెయ్యి కదిలిందో, రెండో దెబ్బ నా వీపు మీద పడేది. "ఆపు అన్నంక ఆపాలెరా. అడుగుడు లేదు, ఎందుకు అనుడు లేదు. కింద మనిషుంటడు."

డ్యూటీ దిగితే యూనియన్ గేట్ మీటింగులు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. 1994 ఫిబ్రవరి 9న మా బాయిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. ఆగయ్య, కిషన్, రాజం, జైపాల్. వాళ్లను పైకి లాగింది బాపు నడిపిన హాలరే. కింద నుంచి మూడేసి గంటలు, నాలుగుసార్లు. అప్పటినుంచి ఏటా ఆ తేదీన బాయి గేటు ముందు నిలబడి ఆ నాలుగు పేర్లు, వాళ్ల ఊళ్లు, వాళ్ల పిల్లల పేర్లు కాగితం లేకుండా చెప్పేవాడు. బాయి మూతపడ్డాక తాళమేసిన గేటు ముందు కూడా చెప్పాడు. మొన్న ఫిబ్రవరిలో ఆగయ్య పేరు దగ్గరే నిలిచిపోయాడు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. ఎదురుగా ఉన్న జనమంతా తలలు దించుకున్నారు. నేను దించుకోలేదు. నాకు సిగ్గు కాదు, కోపమొచ్చింది.

రెండేళ్లు దవాఖానల చుట్టూ తిరిగాం. ఒకాయన పక్షవాతమన్నాడు. ఇంకొకాయన, జన్మలో చుక్క ముట్టని మనిషిని, "రోజుకెంత తాగుతావు పెద్దాయనా" అని అడిగాడు. మూడో ఆయన "ఈ వయసులో ఇంకా మాట్లాడి ఏం చేస్తాడు" అన్నాడు. అదే ఒక జడ్జికి మాట పోతే అట్లా అనేవాడా? కూలి చేసినవాడికి ఒళ్లే ఉంటుందని, భాష ఉండదని ఈ దేశంలో చదువుకున్నవాళ్ల నమ్మకం. మీ నాన్న చెప్పాక నువ్వు పనిగట్టుకుని వచ్చి బాపును చూసి వెళ్లేదాకా దీన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా అంటారని, మెదడులో మాటను తయారుచేసే చోటు కొంచెం కొంచెంగా ఎండిపోతుందని మాకు చెప్పిన దిక్కు లేదు.

ఇప్పుడు నీ పరిశోధన. తలకు టోపీ, టోపీలో సన్నటి కరెంటు, బొమ్మలు చూపించి మాటల సాధన. సగం మందికి నిజం కరెంటు, సగం మందికి ఉత్త టోపీ. ఎవరిది ఏదో మీకూ తెలియదు, మాకూ తెలియదు. టోపీ పెట్టడమంటే మా దగ్గర అర్థమేమిటో నీకు చెప్పాలా? ఊళ్లకు కరెంటు కావాలంటే మా ఒళ్లు కావాలి. కరెంటు మనిషి తలలో ఏం చేస్తుందో తెలియాలన్నా మా ఒళ్లే కావాలి. రేపు అది పనికొస్తుందని తేలాక కొనుక్కునేది మేమేనా?

జవాబు రాయి. ఎప్పటి నుంచి మొదలుపెడతారో అది కూడా రాయి.

నీ
రఘుపతి కాక

*

హైదరాబాద్,
30 జూన్ 2024.

రఘుపతి కాకా,

నమస్తే. మీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివాను. నా ముఖం చూసి పక్కనున్నవాళ్లు "ఎవరు తిడుతున్నారు?" అని అడిగారు. "మా ఊరివైపు పెద్దమనిషి" అన్నాను.

మీరు కోపంగా అడిగారు కాబట్టి నేను ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ జబ్బుకు మందు లేదు. దీన్ని నిలబెట్టేదిగానీ వెనక్కి తిప్పేదిగానీ ఈ రోజుకు ఏదీ లేదు. మేం చూస్తున్నది చాలా చిన్న సంగతి. పదే పదే సాధన చేసిన మాటలు కొన్ని నెలలు ఎక్కువ నిలుస్తాయా? సాధనకు కరెంటు తోడైతే ఇంకొంచెం నిలుస్తాయా? సాధన చేయని మాటలు పోతూనే ఉంటాయి. చేసినవీ ఒకరోజు పోతాయి.

ఉత్త టోపీ వాళ్లకు కూడా సాధన అంతే శ్రద్ధగా ఉంటుంది. తేడా కరెంటు ఒక్కటే. ఆ తేడా తేల్చకుండా "బాగా పనిచేస్తోంది" అని మేం రాసేస్తే, రేపు ఎవడో అదే టోపీని మీలాంటివాళ్లకే అప్పు చేయించి అమ్ముతాడు. కాకా, ఈ ఒక్క విషయంలో మీరు నా పక్కన ఉండాలి.

హైదరాబాద్ రానక్కర్లేదు. మీ చుట్టుపక్కల వాళ్ల కోసం జ్యోతినగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. వేదిక అనే మా స్పీచ్ థెరపిస్టు వారానికి మూడు రోజులు అక్కడుంటుంది. ఆగస్టు నుంచి ఇరవై వారాలు. ప్రతిరోజూ వీడియో తీస్తారు, నేను ఇక్కడ చూస్తాను. మన కుటుంబాలకు పరిచయమున్న సంగతి మా సంస్థలో ముందే రాసిచ్చాను.

రెండు పనులు చేయండి. పోశం తాతకు రోజూ అవసరమయ్యే నలభై మాటలు మీరూ మీ అమ్మగారు సారవ్వమ్మా కూర్చుని రాసి పంపండి. సాధన ఆ మాటల మీదే. రెండోది, ఫారంలో మూడో పేజీ తాతకు చదివి వినిపించండి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆపేయవచ్చు, కారణం చెప్పాల్సిన పని లేదు అని అందులో ఉంది. అది వినకుండా సంతకం చేయించవద్దు.

మీ
సంహిత

*

గోదావరిఖని,
25 ఆగస్టు 2024.

సంహితా,

మూడో పేజీ చదివి వినిపించాను. బాపు తలూపాడు. సంతకం పెట్టాడు. మాట పోయినా సంతకం పోలేదు, పోశం అని గుండ్రంగా వస్తుంది.

కానీ మొదటి రోజు మీ వేదిక చూపించిన పరీక్ష పుస్తకం ఎవరు తయారుచేశారు? మంచు ఇల్లు. తీగల వాయిద్యం. ఎడారి మొక్క. బాపు వాటిని తిప్పి తిప్పి చూసి నవ్వాడు. వేదిక సున్నా వేసింది. అదే పుస్తకంలో తట్ట పెట్టండి, టోపీ లైటు పెట్టండి, టబ్బు పెట్టండి, అప్పుడు మీ సంస్థలో ఎంతమందికి సున్నాలొస్తాయో నేను చూస్తాను. కొలబద్ద మీ ఇంట్లో చేసుకుని మా పొడవు తక్కువంటే ఎట్లా?

వేదికను అనడం లేదు. పిల్ల మంచిది. పవర్‌ప్లాంటు ఇంజనీరు బిడ్డయినా బాపు పక్కన నేల మీద కూర్చుంటుంది. టోపీ పెట్టేముందు చేతిలో పెట్టి చూపిస్తుంది. బాపు మొదటి రోజే దాన్ని తట్టి చూసి, నా దిక్కు తిరిగి, బాయి టోపీ కంటే తేలికుందన్నట్టు చెయ్యి ఊపాడు.

మాటల జాబితా మొదటి రోజే వేదికకు ఇచ్చాను, నకలు ఇదే కవరులో ఉంది. దాని వెనక మా ఇంట్లో పెద్ద కొట్లాట అయింది. అవ్వ చెప్తుంటే నేను రాశాను. నీళ్లు, చాయ్, నొప్పి, చలి, చాలు, వద్దు, దుప్పటి, కిటికీ, ఇట్లా. చివర్లో "నా పేరు గుడ రాయి" అంది.

"నీ పేరెందుకే అవ్వా, నువ్వు పక్కనే ఉంటవు గదా" అన్నాను.

"యాభై ఏండ్ల సంది ఓయ్ అనుడే. సారా అని ఒక్కనాడు పిలువలె. గీ కరెంటుతోనన్న పిలుస్తడేమో చూత్త."

బాపు గోడకు ఆనుకుని భుజాలు కదిలేటట్టు నవ్వాడు. చాలా రోజులకు ఆ నవ్వు.

అయితే నలభై నిండాయి, ఆ నాలుగు పేర్లు లేవు. నాలుగు మాటలు తీసేసి ఆగయ్య, కిషన్, రాజం, జైపాల్ అని రాశాను. తీసేసినవి చాలు, వద్దు, దుప్పటి, కిటికీ. అవ్వకు కోపమొచ్చింది. వద్దు అనడానికి మనిషికి నోరెందుకు, చెయ్యి ఊపితే చాలదా? కానీ ఆగయ్యను చేత్తో ఊపి చెప్పగలమా? గేటు దగ్గరి ఫ్లెక్సీ మీది నలుగురి ఫోటోలు వేదికకు ఇచ్చాను, బొమ్మల బదులు అవి చూపించమని.

ఫిబ్రవరి 9 నాటికి ఆయన గేటు ముందు ఆ నాలుగు పేర్లు పలకాలి. నాకు ఇంకేమీ వద్దు. ఈ బొగ్గు బెల్టులో కొత్తగా వస్తున్న కాంట్రాక్టు పిల్లలకు ఆ నలుగురెవరో తెలియదు. వాళ్లకు చెప్పే నోరు ఒకటే ఉంది. అది మూసుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?

నీ
రఘుపతి కాక

*

హైదరాబాద్,
22 సెప్టెంబర్ 2024.

కాకా,

పరీక్ష పుస్తకం గురించి మీరన్నది నిజం. మీ ఉత్తరంలోని ఆ భాగం మా మీటింగులో చదివాను. ఇద్దరు నవ్వారు, ఒకరు రాసుకున్నారు. రాసుకున్నావిడే ముఖ్యం.

ఏడు వారాల లెక్క చెబుతాను. నలభైలో మొదటి వారం తాత చెప్పగలిగినవి తొమ్మిది. ఇప్పుడు పదిహేడు. నీళ్లు, చాయ్, నొప్పి స్పష్టంగా వస్తున్నాయి. ఇది కరెంటు వల్లనా, సాధన వల్లనా, వేదిక పట్టుదల వల్లనా నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా.

నాలుగు పేర్లు రావడం లేదు. ఆగయ్యలో మొదటి అక్షరం వస్తుంది, అంతే.

ఒక విషయం అడగాలి. వీడియోల్లో తాత మధ్యవేలు మడిచి బల్ల మీద ఒకసారి కొడుతున్నారు. గట్టిగా, ఒక్కసారి. చెంచా బొమ్మకో గిన్నె బొమ్మకో కాదు. ఆ ఫోటోలు వచ్చినప్పుడే. గత వారం పదకొండుసార్లు. వేదిక అడిగితే తాత ఆమెను చూసి మళ్లీ ఒకసారి కొట్టారు. వేదికకు అర్థం కాలేదు. అదేమిటో మీకు తెలుసా?

మీ
సంహిత

*

గోదావరిఖని,
1 అక్టోబర్ 2024.

సంహితా,

అదేమీ లేదు. పాత అలవాటు. బాయి పని చేసినవాళ్ల చేతులు ఊరికే ఉండవు, ఏదో ఒకటి తడుతుంటాయి. పట్టించుకోవద్దని వేదికకు చెప్పాను, నీకూ చెప్తున్నాను. ఫోటోలు తీసేయవద్దు. రోజుకు రెండుసార్లు చూపిస్తున్నారట, నాలుగుసార్లు చూపించండి.

పదిహేడు మాటలన్నావు. సంతోషం. కానీ మీ సంస్థ గోడల మీద దాతల పేర్లు పాలరాయిలో చెక్కుతారని విన్నాను. ఎండలో రైలెక్కి వచ్చి తలలప్పగించినవాళ్ల పేర్లు ఎక్కడ చెక్కుతారు? రోగి నంబరు ఇరవై తొమ్మిది అని రాస్తారు. బాయిలో కూడా మాకు టోకెన్ నంబరే ఉండేది. దీని మీద మా కార్మికుల పత్రికలో రాయబోతున్నాను, నీ పేరు పెట్టను.

రఘుపతి కాక

*

హైదరాబాద్,
27 అక్టోబర్ 2024.

కాకా,

మంచి వార్త ముందు. మొన్న బుధవారం తాత 'రాజం' అన్నారు. రెండుసార్లు. రెండోసారి వేదిక ఏడ్చేసింది. వీడియో చూస్తూ నేనూ నిలబడిపోయాను.

రెండోది. బల్ల మీద కొట్టడం బాగా ఎక్కువైంది. ఒక రోజు నలభై సార్లు లెక్కపెట్టాం. మీరు అలవాటే అన్నారు కాబట్టి దానికి అర్థమేమీ లేదని రాసుకున్నాం. ఈ జబ్బు ముదిరేటప్పుడు కొందరిలో చేసిందే చేసే గుణం వస్తుంది, ఇది అదేనని మా న్యూరాలజిస్టు అభిప్రాయం. చెయ్యి నిమ్మళించడానికి చిన్న మోతాదులో ఒక మాత్ర రాశారు. వేదిక మీకు ఇస్తుంది. మత్తుగా ఉంటే వెంటనే చెప్పండి.

ఇంకో ఎనిమిది వారాలే. తాతతో ఈ విడతలో ముప్పై మంది పూర్తవుతారు.

మీ
సంహిత

*

గోదావరిఖని,
8 డిసెంబర్ 2024.

సంహితా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను. మూడుసార్లూ నిన్నో, మీ డాక్టరునో, ఈ వ్యవస్థనో తిడుతూ మొదలైంది. ఈసారి తిట్టకుండా రాస్తాను. కష్టంగా ఉంది.

నీకు అబద్ధం చెప్పాను. అది అలవాటు కాదు. ఒక గంట. ఆపు అంటున్నాడు బాపు. జ్యోతినగర్ గదిలో ఆ ఫోటోలు పెట్టిన మొదటి రోజే నా ముఖం చూసి కొట్టాడు. నాకు తెలుసు. అగ్గిపెట్టెల నాటి నుంచి తెలుసు. నేను కిటికీ బయటికి చూశాను.

మాత్ర వేసిన నాలుగు వారాలకు చెయ్యి నిలిచిపోయింది. వేదిక బాగుందంది. నేనూ బాగుందన్నాను. ఇంట్లో బాపు కంచం ముందు కూర్చుని తూగేవాడు, ముద్ద నోట్లోనే ఉండేది. అవ్వ ఐదు రోజులు చూసింది. ఆరోరోజు మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"గివి ఎందుకు?"

"చెయ్యి ఊకె కొడ్తుండని ఇచ్చిన్రు."

"ఊకె కొడ్తుండా? ఇంట్ల ఒకటి గొడితే చాలు అన్నట్టు. రెండు గొడితే పండవెట్టుమన్నట్టు. మూడు గొడితే లేపుమన్నట్టు. ఎండకాలం సంది గట్లనే మాట్లాడుకుంటున్నం మేము. నాకు సదువు రాదు గని గంటలు రావార? ముప్పై మూడేండ్లు ఆ గంటల మీదనే సంసారం జేసిన."

మా ఇంట్లో నాకు తెలియకుండా ఒక భాష నడుస్తోంది. మాట పోయిందని నేను పత్రికల్లో వ్యాసాలు రాస్తున్నప్పుడు వాళ్లిద్దరూ కంచం మీద, మంచంకోడు మీద మాట్లాడుకుంటున్నారు.

మరునాడు అవ్వ నాతో జ్యోతినగర్ వచ్చింది. అన్ని రోజులూ గది బయట మెట్ల మీదే కూర్చునేది. ఆ రోజు లోపలికొచ్చి, పాత వీడియో చూపించమని వేదికను అడిగింది. అక్టోబర్‌ది పెట్టింది. తెర మీద ఆగయ్య ఫోటో వచ్చింది. బాపు ఒకటి కొట్టాడు. కిషన్ వచ్చాడు. ఒకటి. నీకు రాజం అని వినబడిన ముక్క కూడా చూశాం. సంహితా, పెద్ద తెర మీద చూడు. ఆ పేరు సగం విరిగి వచ్చింది. అది అన్నాక బాపు ముఖం చూడు. కళ్లు గట్టిగా మూసుకుని ఒకటి కొట్టాడు, మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. వెనక నా గొంతు వినపడుతుంది, "మళ్ల అను బాపూ, మళ్ల అను."

అవ్వ నా దిక్కు తిరిగింది. "ఆపు అంటుండు గదరా. నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది" అన్నాను.

అవ్వ కేకలు వేయలేదు. "ఆ పేర్లు ముప్పై ఏండ్లు నిండుగ పలికిండు. ఇప్పుడు ముక్కలు ముక్కలు పలుకుడు ఆయనకు శాతగాదు. సచ్చినోళ్లను మళ్ల సంపినట్టుంటది" అంది. ఇంకో మాట కూడా అంది. "నోరు రోగం తీస్కపోయింది. చెయ్యి నువ్వు తీస్కపోయినవ్."

ముప్పై ఏళ్లుగా నేను ఒకటే రాస్తున్నాను. కార్మికుడి మాట ఎవరూ వినరు, వాడి ఒంటిని వాడుకుంటారు, వాడు ఆపమన్నా ఆపరు. రాసిన వాక్యాల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. నేను నిలబడ్డ చోటే తప్పు. ఆయన నోట్లోంచి చాలు, వద్దు అనే మాటలు నా చేత్తో కొట్టేసి, అక్కడ నాకు కావలసిన పేర్లు రాసుకున్నాను.

మాత్ర ఎట్లా మానాలో డాక్టరును అడిగి చెప్పు. ఉన్నపళంగా మానవద్దని వేదిక అంది. ఈ ఉత్తరాన్ని ఎవరికి చూపించాలో వాళ్లకు చూపించు.

రఘుపతి

*

హైదరాబాద్,
14 డిసెంబర్ 2024.

రఘుపతి కాకా,

మాత్ర సగానికి తగ్గించి, పది రోజుల తర్వాత పూర్తిగా ఆపమన్నారు డాక్టరు. కాగితం జతచేశాను. వేదిక రోజూ ఇంటికొచ్చి చూస్తుంది. టోపీ తేదు.

మీ మీద చాలా కోపమొచ్చింది. ఆ కోపంతో మీ పాత ఉత్తరాలన్నీ తీసి వరుసగా చదివాను. జూన్ 18 ఉత్తరం రెండో పేజీలో మీ చేతిరాతతోనే ఉంది: ఒక గంట అంటే ఆపు.

కాకా, అది నేను జూన్‌లోనే చదివాను. తాత ఎందుకు కొడుతున్నారని సెప్టెంబర్‌లో మిమ్మల్ని అడిగినప్పుడు ఆ ఉత్తరం నా సొరుగులో ఉంది. నేను మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. కాదని మీరు అంటారని ఆశించి అడిగాను. మీరు కాదన్నారు. నా ప్రాణం కుదుటపడింది. నాకు ముప్పై మంది కావాలి, తాత లేకపోతే ఇరవై తొమ్మిదే. మీకు నాలుగు పేర్లు కావాలి, నాకు ఒక అంకె కావాలి. మనిద్దరి మధ్యా ఆయన బల్ల కొడుతూ కూర్చున్నారు.

మా రికార్డులో తాతను ఈ పరిశోధన నుంచి తప్పించామని రాయలేదు. ఆగస్టు 28న, ఫోటోలు పెట్టిన మొదటి రోజున ఆయనే తప్పుకున్నారని, పదిహేను వారాలు మేం వినలేదని రాశాను. ఆ తేదీ తర్వాతి వీడియోలు, లెక్కలు ఏవీ వాడకూడదని కోరాను. మా సంస్థ ఎథిక్స్ కమిటీకి మీ జూన్ ఉత్తరం, డిసెంబర్ ఉత్తరం, దీని నకలు ఇచ్చాను. నన్ను ఈ పని నుంచి తీసేయవచ్చు. ఏమవుతుందో తెలియదు.

ఒకటి మాత్రం ఇప్పటికే మారింది. ఇకమీదట ఎవరితోనైనా సాధన మొదలుపెట్టేముందు, ఆ మనిషి తన వాళ్లతో 'ఆపు' ఎట్లా అంటారో ఇంట్లోవాళ్లందరినీ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. కొందరు ముఖం తిప్పుకుంటారట. ఒకావిడ గాజులు పైకి తోస్తారట. దాన్ని మొదటి పేజీలో రాయాలి. నలభై మాటల్లోంచి చాలు, వద్దు తీసే హక్కు ఎవరికీ లేదు.

నాకు తాతను, సారవ్వమ్మను క్షమించమని అడగాలని ఉంది. రావచ్చో లేదో మీరు చెప్పకండి. తాతనే అడిగి రాయండి.

సంహిత

*

గోదావరిఖని,
10 ఫిబ్రవరి 2025.

సంహితా,

నిన్ను రమ్మనాలా అని బాపును అడిగాను. మంచంకోడు మీద మూడు కొట్టాడు. పైకి తీసుకురమ్మని. అవ్వ తర్జుమా చేసింది, "అచ్చేటప్పుడు గా టోపీ తేవద్దను." ఇప్పుడు ఆమెను కూడా గంటతోనే పిలుస్తున్నాడు, నాలుగు. ఆ గంట ఏ బాయిలోనూ లేదు, వాళ్లిద్దరే పెట్టుకున్నారు. "ఓయ్ కంటె నయమే" అంటోంది.

నేర్చుకున్న మాటల్లో చాయ్, నొప్పి మిగిలాయి. నీళ్లు పోయింది. నువ్వు ముందే చెప్పావు.

నిన్నటి సంగతి రాస్తాను. గేటు దగ్గరికి తీసుకెళ్లాలా వద్దా అని నేను తేల్చలేదు. పొద్దున్నే ఆయన తలపాగా చుట్టుకుని గడప దగ్గర కూర్చున్నాడు. అవ్వ కొత్త చీర కట్టింది. ముగ్గురం ఆటోలో వెళ్లాం. తాళం తుప్పు పట్టింది, గేటు లోపల తుమ్మలు మొలిచాయి. ముసలివాళ్లు ఓ వంద మంది ఉన్నారు, పక్కన కాంట్రాక్టు పిల్లలు బైకుల మీద కూర్చుని ఉన్నారు. నా జేబులో పద్నాలుగు పేజీల ఉపన్యాసం ఉంది. రెండు నెలలు రాశాను. ఈసారి అందులో నన్ను కూడా తిట్టుకున్నాను.

పేర్లెవరు చెప్పాలో అనుకోలేదు. బాపు గేటు దగ్గరికి నడిచి, కింద ఓ రాయి ఏరుకుని నిలబడ్డాడు. అప్పుడు అవ్వ వెళ్లి ఆయన పక్కన నిలబడింది. జీవితంలో మైకు ముందుకు రాని మనిషి. మైకు తీసుకోలేదు.

"ఆగయ్య. జైపూర్" అంది.

బాపు రాయితో ఇనుప గేటు మీద మూడు కొట్టాడు.

నువ్వు ఒకటి తెలుసుకోవాలి. మూడు గంటలంటే తాడు కదులుతుంది. తాడుకు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ఆ మూడు దెబ్బలు పడగానే, బాయి మూతపడి ఇన్నేళ్లయినా, ముసలివాళ్లంతా ఒక్కసారిగా రెండడుగులు పక్కకు జరిగారు. గేటు నుంచి రోడ్డు దాకా మధ్యలో దారి ఖాళీ అయింది. ఎందుకో తెలియక చూస్తున్న కాంట్రాక్టు పిల్లలు కూడా బైకులు దిగి పక్కకు జరిగారు.

"కిషన్. నస్పూర్." మూడు.

"రాజం. మన గోదావరిఖనే." మూడు.

"జైపాల్. చిన్నపిలగాడు, ఊరు మంథని అవుతల." మూడు.

ఊళ్లు, పిల్లల పేర్లు అన్నీ చెప్పింది. ముప్పై ఏళ్లు ఇంట్లో ఆయన వల్లె వేస్తుంటే విన్నది కదా. నాకు ఆ సంగతి తట్టనే లేదు. చెప్పే నోరు ఒకటే ఉందని నీకు రాశాను.

ఆ ఖాళీ దారిలోకి ఎవరూ అడుగు పెట్టలేదు. నేను మైకు దగ్గరికి వెళ్లి కాగితాలు తీసి, "మిత్రులారా" అన్నాను.

గేటు మీద ఒక్క దెబ్బ పడింది.

బాపు నా దిక్కే చూస్తున్నాడు. రాయి చేతిలోనే ఉంది. పద్నాలుగు పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకని అడగలేదు. కింద మనుషులున్నారు.

రఘుపతి కాక